పురపాలక నీటి శుద్ధి కేంద్రంలో కఠినత్వ నివారణ యంత్రాల ఆధునికీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

పట్టణానికి సరఫరా చేసే నీటి కఠినత్వాన్ని తగ్గించే యంత్రాలు పాతబడినప్పుడు ఏం మార్చాలి, ఎలా మార్చాలి, మార్చాక ఏం జరుగుతుంది అన్న సందేహాలు ఇంజనీర్లకే కాదు, నిధులు మంజూరు చేసే కౌన్సిల్ సభ్యులకూ, కుళాయి నీరు తాగే పౌరులకూ వస్తాయి. ఆ సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఉదాహరణలు ఎక్కువగా అమెరికాలోని ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్ నుంచి తీసుకున్నాము, ఎందుకంటే నగరం మొత్తానికి నీటిని మెత్తబరిచి ఇచ్చే పని ఆ ఊరు వందేళ్ళకు పైగా చేస్తోంది. మన రాష్ట్రాలకు సంబంధించిన ప్రశ్నలు చివరి భాగంలో ఉన్నాయి.

ప్రశ్న: మామూలు నీటి శుద్ధికీ, నీటిని మెత్తబరచడానికీ తేడా ఏమిటి?

పటిక వేసి, తేర్చి, ఇసుక పడకల గుండా వడకట్టి, క్లోరిన్ కలిపితే నీటిలోని మట్టి, సూక్ష్మజీవులు పోతాయి గాని, కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు అలాగే ఉండిపోతాయి. పప్పు ఉడకకపోవడానికీ, సబ్బు నురగ రాకపోవడానికీ, గీజరు లోపల తెల్లని పెచ్చు కట్టడానికీ ఈ లవణాలే కారణం. వీటిని తొలగించడమే మెత్తబరచడం. ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో అందరూ చదువుకున్న క్లార్క్ పద్ధతే నేటికీ పెద్ద నగరాల్లో ప్రధానంగా వాడుకలో ఉంది. స్కాట్లాండ్‌కు చెందిన థామస్ క్లార్క్ దానికి 1841లో పేటెంటు పొందాడు. నీటిలో సున్నం కలిపితే నీటిలోని సున్నం పోతుందన్న మాట మొదటిసారి విన్నవారికి వింతగానే ఉంటుంది. తడి సున్నం నీటిలోని బైకార్బొనేట్‌తో కలిసినప్పుడు, నీటిలో అంతకుముందే ఉన్న కాల్షియమూ, మనం వేసిన కాల్షియమూ రెండూ కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారి అడుగుకు దిగిపోతాయి. ఈ "రెండూ" అన్న మాటను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత బురద లెక్క వేసేటప్పుడు దాని బరువు తెలిసివస్తుంది.

ప్రశ్న: కొలంబస్ ఉదాహరణ ఎందుకు?

సున్నపురాతి నేలల మీదుగా పారే స్కియోటో నది నీరు సహజంగానే కఠినమైనది. ఆ నది ఒడ్డున 1908లో మొదలైన శుద్ధి కేంద్రం వడపోతనూ మెత్తబరచడాన్నీ ఒకే చోట పెద్ద ఎత్తున చేసి చూపించింది; టైఫాయిడ్ మరణాలు తగ్గడానికి వడపోత కారణమైతే, బాయిలర్లలో పెచ్చు తగ్గడానికి సున్నం కారణమైంది. ఆ ఊరి నీటి శాఖలో జీవితమంతా పనిచేసిన చార్లెస్ హూవర్, క్లారెన్స్ హూవర్ అనే సోదరుల పేరే అక్కడి హూవర్ జలాశయానికి పెట్టారు. అధ్యక్షుడు హూవర్‌కూ దానికీ సంబంధం లేదు. ఇప్పుడు నగరానికి నదుల నీటితో నడిచే కేంద్రాలు రెండూ, భూగర్భ జలంతో నడిచే పార్సన్స్ అవెన్యూ కేంద్రమూ నీరు ఇస్తున్నాయి. ఆ నగర శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది రోజూ తాగుతున్నది ఈ సున్నంతో మెత్తబరిచిన నీరే.

ప్రశ్న: యంత్రాలను మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

యంత్రం వయసు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. నలభై ఏళ్ళ నాటి క్లారిఫయర్ (సున్నం కలిపిన నీరు తేరే పెద్ద తొట్టి) చక్కగా పనిచేస్తున్న కేంద్రాలున్నాయి, పదేళ్ళకే సున్నపు పైపులు పూడిపోయిన కేంద్రాలూ ఉన్నాయి. చూడవలసినవి వేరు. శుద్ధి చేసిన నీటి కఠినత్వం గంటగంటకూ మారుతోందా? లక్ష్యాన్ని అందుకోవడానికి వేసే సున్నం మోతాదు రసాయన లెక్క చెప్పిన దానికంటే చాలా ఎక్కువగా ఉందా? ఫిల్టర్లను కడిగే వ్యవధి తగ్గిపోతోందా? ఇసుక రేణువులు పెచ్చు కట్టి లావెక్కి, పడక ఎత్తు ఏటికేడు పెరుగుతోందా? బురద చెరువులు నిండిపోయాయా? సిబ్బంది తమ షిఫ్టులో ఎక్కువ సేపు పైపులను సుత్తితో కొట్టడంలోనే గడుపుతున్నారా? ఈ చివరి ప్రశ్న ఏ నివేదికలోనూ ఉండదు గాని, అన్నిటికంటే నిజాయితీగల సూచిక అదే.

ప్రశ్న: నీటిని ఎంతవరకు మెత్తబరచాలి?

కఠినత్వాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకు మిల్లీగ్రాములలో చెబుతారు. అమెరికా భూగర్భ సర్వే వర్గీకరణ ప్రకారం 60 వరకు మెత్తని నీరు, 61 నుంచి 120 వరకు ఓ మోస్తరు కఠినం, 121 నుంచి 180 వరకు కఠినం, ఆపైన మిక్కిలి కఠినం. సున్నంతో మెత్తబరిచే నగరాలు సాధారణంగా 80 నుంచి 150 మధ్య ఎక్కడో ఒక అంకెను లక్ష్యంగా పెట్టుకుంటాయి. సున్నా చేయడం ఎవరి ఉద్దేశమూ కాదు, అది సున్నంతో సాధ్యమూ కాదు. ఎంత జాగ్రత్తగా నడిపినా 30 నుంచి 40 మిల్లీగ్రాముల కాల్షియం కఠినత్వం కరిగి మిగిలిపోతుంది. కొంత కాల్షియం మిగలడం పైపులకూ మేలే. లక్ష్యాన్ని 120 నుంచి 90కి దించాలన్న కోరిక సమావేశాల్లో సులభంగా పుడుతుంది, కానీ ఆ ముప్పై మిల్లీగ్రాముల కోసం సున్నం, బురద, చివర పీహెచ్ దించడానికి కలిపే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) మూడింటి ఖర్చూ పెరుగుతుంది. అది ఇంటివారికి తేడాగా తెలుస్తుందో లేదో ముందుగా ఆలోచించాలి.

ప్రశ్న: సున్నం పద్ధతినే కొనసాగించాలా, రెసిన్‌కో మెంబ్రేన్‌కో మారాలా?

రెసిన్ అంటే కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియాన్ని వదిలే పూసలు, మెంబ్రేన్ అంటే లవణాలను ఆపే పలుచని పొర. ఆధునికీకరణలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే, అయితే దీనిని తరచుగా తలకిందులుగా అడుగుతుంటారు. ఏ యంత్రం మేలైనదని కాక, తీసిన కఠినత్వాన్ని మన ఊరు ఎక్కడ పెట్టగలదని అడగాలి. కాల్షియం మాయం కాదు. బురదగానో, గులికలుగానో, ఉప్పునీటిగానో, గాఢ ద్రవంగానో ఏదో ఒక రూపంలో బయటికి వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. రోజుకు పది కోట్ల లీటర్లు ఇచ్చే కేంద్రం కఠినత్వాన్ని 300 నుంచి 150కి తగ్గించాలనుకుందాం. ఆ కఠినత్వమంతా బైకార్బొనేట్ రూపంలోని కాల్షియమే అనుకుందాం. అంటే రోజుకు 15 టన్నుల కఠినత్వాన్ని తొలగించాలి. ఇంకా తడపని రాళ్ళ సున్నంతో అయితే శుద్ధమైన లెక్కన 8.4 టన్నులు, బజారులో దొరికే 90 శాతం స్వచ్ఛత గల సున్నమైతే తొమ్మిది టన్నులకు పైగా కావాలి. ఆరబెట్టిన లెక్కన బురద 30 టన్నులు వస్తుంది. తీసింది పదిహేను, వచ్చింది ముప్పై, ఎందుకంటే మనం వేసిన కాల్షియం కూడా అందులోనే ఉంది.

అయాన్ మార్పిడి రెసిన్‌తో అయితే బురద ఉండదు. కాని రెసిన్‌ను తిరిగి పనికి తేవడానికి సిద్ధాంత ప్రకారమే రోజుకు 17.5 టన్నుల ఉప్పు కావాలి, ఆచరణలో దానికి రెండు మూడు రెట్లు పడుతుంది. ఆ ఉప్పునీరంతా ఎక్కడో ఒకచోట విడవాలి. పైగా తొలగించిన ప్రతి వంద మిల్లీగ్రాముల కఠినత్వానికీ 46 మిల్లీగ్రాముల సోడియం నీటిలో చేరుతుంది, అంటే మన ఉదాహరణలో లీటరుకు దాదాపు 69 మిల్లీగ్రాములు. సముద్ర తీరంలో లేని పట్టణానికి ఇంత ఉప్పును వదిలించుకోవడం చాలా కష్టం.

నానోఫిల్ట్రేషన్ మెంబ్రేన్లు కాల్షియం వంటి రెండు ఆవేశాల అయాన్లను బాగా ఆపుతాయి, నీటి రంగునూ తీసేస్తాయి. అందుకే ఆకుల రంగు దిగిన భూగర్భ జలం గల ఫ్లోరిడాలో ఇవి బాగా వ్యాపించాయి. పారిస్ ఉత్తరాన మెరీ సుర్ వాజ్ కేంద్రంలో 1999 నుంచి నదీజలానికే వాడుతున్నారు, అయితే అక్కడి ప్రధానోద్దేశం సేంద్రియ పదార్థాలను, పురుగుమందుల అవశేషాలను తొలగించడం. మన లెక్కలో సగానికి కాస్త ఎక్కువ నీటిని మెంబ్రేన్ల గుండా పంపి మిగతా నీటితో కలిపితే సరిపోతుంది, కాని 85 శాతం నీటిని రాబట్టినా రోజుకు దాదాపు కోటి లీటర్ల గాఢ ద్రవం మిగులుతుంది. నీటి కొరత ఉన్నచోట ఆ కోటి లీటర్లను ఎవరికి చెప్పి పారబోస్తారన్నది ప్రశ్న.

నాలుగోది గులికల పద్ధతి. 1970ల నుంచి నెదర్లాండ్స్‌లో పెంపొందింది, ఆమ్‌స్టర్‌డామ్ నగర నీటి సరఫరాలో కీలకమైనది. సన్నని ఇసుక లేదా నూరిన సున్నపురాతి రేణువుల మీదుగా నీటిని గంటకు 60 నుంచి 100 మీటర్ల వేగంతో పైకి పంపుతూ కాస్టిక్ సోడానో సున్నాన్నో కలిపితే, కాల్షియం కార్బొనేట్ ఆ రేణువుల మీదే పొరలు పొరలుగా పట్టి మిల్లీమీటరు గులికలవుతుంది. కాస్టిక్ సోడా వాడితే మన లెక్కకు ఆరు టన్నులు చాలు, గులికలు సుమారు 15 టన్నులు వస్తాయి, అవి ఇట్టే ఆరిపోతాయి, పరిశ్రమలు కొనుక్కుంటాయి. స్థలం తక్కువ పడుతుంది. సోడియం కొంత చేరుతుంది, రెసిన్‌తో చేరే దానిలో సగమే. దీని పరిమితి ఏమిటంటే మెగ్నీషియాన్ని తీయదు. ముడినీటిలో కఠినత్వం ఎక్కువ భాగం కాల్షియమే అయితే, స్థలం ఇరుకైన పాత కేంద్రాలకు ఇదే మొదట పరిశీలించవలసిన మార్గమని మా అభిప్రాయం. మెగ్నీషియం ఎక్కువైతే సున్నాన్ని విడిచిపెట్టడం తొందరపాటు.

ప్రశ్న: మెగ్నీషియం ఉంటే ఏం మారుతుంది?

కాల్షియం కార్బొనేట్ పీహెచ్ 10.3 ప్రాంతంలో బాగా దిగుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ దిగాలంటే పీహెచ్‌ను 11 దాకా తీసుకుపోవాలి. సున్నం ఎక్కువ పడుతుంది, తర్వాత ఆ పీహెచ్‌ను దించడానికి బొగ్గుపులుసు వాయువూ ఎక్కువ పడుతుంది, వచ్చే బురద జిగురుగా ఉండి నీరు వదలదు. కొంత నీటిని పూర్తిగా మెత్తబరిచి, మిగిలిన దానిని పక్కనుంచి తెచ్చి కలిపే విభజన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. సల్ఫేటు, క్లోరైడు రూపంలోని శాశ్వత కఠినత్వానికి సున్నం చాలదు, చాకలి సోడా కలపాలి.

ప్రశ్న: పాత క్లారిఫయర్‌ను కూలగొట్టాలా?

చాలాసార్లు అవసరం ఉండదు. కాంక్రీటు గట్టిగా ఉంటే, లోపలి యంత్రాంగాన్ని మాత్రం మార్చి, వేగాన్ని సర్దుకోగల మోటారు పెట్టి, బురదను గీసే చేతులను కొత్తవి వేయవచ్చు. మెత్తబరిచే క్లారిఫయర్‌లో పాత బురదను కొంత తిరిగి తిప్పడమే అసలు రహస్యం: అప్పటికే ఉన్న స్ఫటికాల మీద కొత్త కాల్షియం కార్బొనేట్ త్వరగా పట్టి బరువుగా దిగుతుంది. పెరుగుకు తోడు వేసినట్లే ఇది; తోడు చాలకపోతే నీరు అలాగే ఉంటుంది. ఒహాయో వంటి రాష్ట్రాలు కలిసి రాసుకుని అనుసరించే "పది రాష్ట్రాల ప్రమాణాలు" ఈ రకం క్లారిఫయర్‌లో నీరు పైకి లేచే వేగానికి చదరపు అడుగుకు నిమిషానికి 1.75 గాలన్ల పరిమితి పెట్టాయి, అంటే గంటకు సుమారు 4.3 మీటర్లు. సామర్థ్యం పెంచమని అడిగినప్పుడు మొదట ఈ అంకెను సరిచూడాలి. గొట్టాల సెట్లర్లు (బురద త్వరగా దిగేందుకు నీటిలో ఏటవాలుగా అమర్చే గొట్టాల గుత్తులు) తగిలించి వేగం పెంచుదామన్న సలహా వస్తే, వాటి మీద పెచ్చు కట్టాక ఆ బరువును ఏ దూలాలు మోస్తాయో కూడా అడగాలి.

ప్రశ్న: సున్నం తడిపే యంత్రం విషయంలో ఇన్ని ఇబ్బందులు ఎందుకు?

సున్నం కేంద్రంలో మనిషి చేయి ఎక్కువగా పడేది ఇక్కడే. రాళ్ళ సున్నం నీటితో కలిసినప్పుడు విపరీతంగా వేడెక్కుతుందని, పెళ్ళికి ఇల్లు వెల్లవేయడానికి కుండలో సున్నం తడిపిన తరానికి వేరే చెప్పనక్కరలేదు. స్లేకర్ అనే యంత్రం అదే పనిని నిరంతరంగా చేస్తుంది, లోపలి ఉష్ణోగ్రతను సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలబెడుతుంది. చల్లని నీరు ఒక్కసారిగా ఎక్కువ పోస్తే రేణువు పైభాగం తడిసి గట్టి పొర కట్టి లోపలి సున్నం అలాగే మిగిలిపోతుంది. ఆ సున్నానికి డబ్బు చెల్లించాం గాని పని రాదు. సల్ఫేటు ఎక్కువగా ఉన్న నీటితో తడిపినా అంతే, ఉడుకు మందగిస్తుంది. కాబట్టి ఆధునికీకరణలో ఉష్ణోగ్రతను చూసి నీటిని సర్దే నియంత్రణ, ఇసుక రాళ్ళను వేరుచేసే ఏర్పాటు ముఖ్యమైనవి.

ఆ తర్వాత సున్నపు పాలు, అంటే తడిపిన సున్నం కలిసిన తెల్లని నీరు, పోయే పైపు. పలుచబరచడానికి వాడే నీరు కూడా కఠినమైనదే కనుక, సున్నం తగలగానే పైపు లోపలే మెత్తబడడం మొదలై పెచ్చు కడుతుంది. మంచి నమూనాలో స్లేకర్‌ను కలిపే చోటుకు వీలైనంత దగ్గరగా, ఎత్తుగా పెడతారు. ఉక్కు పైపుకు బదులు రబ్బరు గొట్టం వేస్తారు, పైనుంచి పిసికితే పెచ్చు ఊడిపోతుంది. లేదా మూత తీసి గోకగలిగే కాలువ పెడతారు. కొత్త కేంద్రంలో పైపులు గోడల వెంట అందంగా, పొడవుగా, మలుపులతో వేసి ఉంటే, ఆ నమూనా గీసినవారు సున్నం కేంద్రంలో ఒక రాత్రి షిఫ్టు చేసి ఉండరని అనుకోవచ్చు.

ఒక హెచ్చరిక. పటికను, రాళ్ళ సున్నాన్ని ఒకే తొట్టిలోనో ఒకే కన్వేయరు మీదో ఎప్పుడూ వేయకూడదు. పటిక స్ఫటికంలోని నీరే సున్నాన్ని తడిపి, మూసిన తొట్టిలో ప్రమాదకరమైన వేడిని పుట్టిస్తుంది.

ప్రశ్న: మెత్తబరిచాక బొగ్గుపులుసు వాయువు ఎందుకు?

క్లారిఫయర్ నుంచి వచ్చే నీటి పీహెచ్ చాలా ఎక్కువగా ఉంటుంది, అందులో ఇంకా దిగని కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. దానిని అలాగే వదిలితే ఫిల్టరు ఇసుక మీదా, తర్వాత ఊరి పైపుల్లోనూ పట్టుకుంటుంది. వాయువు కలిపి పీహెచ్‌ను 8.5 నుంచి 9 మధ్యకు తెస్తే నీరు నిలకడగా ఉంటుంది. పాత కేంద్రాలు ఇంధనం కాల్చి ఆ పొగను నీటిలోకి పంపేవి. ఇప్పుడు ద్రవరూపంలోని వాయువును ట్యాంకుల్లో తెచ్చుకుంటున్నాయి. ఈ వాయువు గాలికంటే బరువైనది, గుంటల్లో పేరుకుంటుంది. కనుక కొలిచే పరికరం లేకుండా ఏ కార్మికుడినీ ఆ గదుల్లోకి దించకూడదు. ఆధునికీకరణ బడ్జెట్ తగ్గించవలసి వచ్చినప్పుడు మొదట కోతపడేది ఈ భాగమే కావడం మనం తరచుగా చూస్తుంటాం. ఆ పొదుపు కొన్నేళ్ళలో ఫిల్టరు ఇసుక మార్చే ఖర్చుగా తిరిగి వస్తుంది.

ప్రశ్న: సున్నపు బురదను ఏం చేస్తారు?

క్లారిఫయర్ అడుగు నుంచి తీసినప్పుడు బురదలో ఘనపదార్థం ఐదు శాతం ప్రాంతంలోనే ఉంటుంది. పై ఉదాహరణలోని 30 టన్నులు అప్పుడు 600 టన్నుల పలుచని ద్రవమన్నమాట. దానిని చిక్కబరిచి, ఫిల్టర్ ప్రెస్‌లోనో సెంట్రిఫ్యూజ్‌లోనో పిండి సగం ఘనపదార్థం అయ్యేలా చేసినా రోజుకు 60 టన్నులు, పది టన్నుల లారీలు ఆరు. సెలవు రోజున కూడా ఆరు లారీలే. అందువల్ల చాలా ఆధునికీకరణల్లో క్లారిఫయర్‌కంటే బురద భవనమే పెద్దదవుతుంది, అందులో ఆశ్చర్యం లేదు.

కొలంబస్‌కు ఒక అదృష్టం ఉంది: నదీజల కేంద్రాల బురదను పైపుల ద్వారా నగరంలోని పాత సున్నపురాతి గనికి పంపుతారు, అంటే నేల నుంచి కరిగివచ్చిన సున్నపురాయి మళ్ళీ సున్నపురాతి గుంతలోకే చేరుతుంది. గని లేని ఊళ్ళు చెరువుల్లో ఆరబెడతాయి. ఒహాయోలోని డేటన్, ఫ్లోరిడాలోని మయామీ ప్రాంతం బురదను బట్టీలో కాల్చి మళ్ళీ సున్నంగా మార్చుకున్నాయి. కాగితం మీద ఇది ముచ్చటైన చక్రం, కాని మెగ్నీషియం కలిసిన బురద అందులోకి వస్తే సున్నం నాణ్యత పడిపోతుంది, ఇంధనం ధర పెరిగితే లెక్క తారుమారవుతుంది.

అమెరికా మధ్య ప్రాంత రైతులు ఈ బురదను ఆమ్ల నేలల్లో చల్లుకుంటారు. ఇదే సలహాను మన నేలలకు యథాతథంగా తేవడం తప్పు. మన నల్లరేగడి నేలల్లో సున్నపు శాతం మామూలుగానే ఎక్కువ, అక్కడ ఇంకా సున్నం వేస్తే మేలు జరగదు. నేల పరీక్షలో ఆమ్లగుణం తేలిన చోట మాత్రమే ఆలోచించాలి. సిమెంటు ఫ్యాక్టరీకో, థర్మల్ కేంద్రపు పొగలోని గంధకాన్ని పట్టే యంత్రానికో ఇవ్వడం మరో మార్గం, అయితే వాళ్ళు అడిగే తేమ శాతం ఒప్పందంలో ముందే రాసుకోవాలి. టెండరు పిలవడానికి ముందు బురద తీసుకునేవారి సంతకం ఉండాలన్నది మా సలహా.

ప్రశ్న: మెత్తబరచడం వల్ల ఇతర కాలుష్యాలు కూడా పోతాయా?

కొన్ని పోతాయి. ఎక్కువ పీహెచ్ వద్ద ఇనుము, మాంగనీసు, రేడియం, కొంత ఆర్సెనిక్, కొంత సేంద్రియ పదార్థం బురదతో దిగుతాయి. నైట్రేటు మాత్రం అసలు పోదు. 2015 జూన్‌లో పొలాల నుంచి కొట్టుకువచ్చిన నైట్రేటు వల్ల కొలంబస్‌లో కొన్ని ప్రాంతాల్లో ఆరు నెలల లోపు శిశువులకు కుళాయి నీరు ఇవ్వవద్దని హెచ్చరించవలసి వచ్చింది; తర్వాత అక్కడి నదీజల కేంద్రాల్లో ఒకటైన డబ్లిన్ రోడ్ కేంద్రానికి నైట్రేటు కోసం ప్రత్యేకంగా అయాన్ మార్పిడి యంత్రాలను చేర్చారు. అది కఠినత్వం తీసే రెసిన్ కాదు, వేరే రకం. అంటే ఒక కేంద్రంలో సున్నమూ రెసిన్ రెండూ వేర్వేరు పనులకు పక్కపక్కనే ఉండవచ్చు.

ప్రశ్న: నీటి సరఫరా ఆపకుండా ఈ పని ఎలా చేస్తారు?

సమాంతర వరుసలుగా కట్టిన కేంద్రంలో ఒక్కో వరుసను ఆపి మారుస్తారు. వాడకం తక్కువగా ఉండే నెలలు అందుకు అనువైనవి. ఒహాయోలో అది చలికాలం, కాని చల్లని నీటిలో సున్నం చర్య నెమ్మదిస్తుంది కనుక మిగిలిన వరుసల మీద ఒత్తిడి పడుతుంది. మన వేసవిలో ఈ పని పెట్టుకోవాలని ఎవరూ అనరు. కొత్త వరుస మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొలతకు రాని నీరు వస్తుంది, దానిని ఎక్కడికి మళ్ళించాలో, పాత వరుస నుంచి తోడు బురదను ఎలా తెచ్చి పోయాలో ముందే అనుకోవాలి. కొత్త క్లారిఫయర్‌ను ఖాళీగా మొదలుపెట్టి నీరు తేరడం లేదని కంగారుపడడం తరచుగా జరిగే పొరపాటు.

ప్రశ్న: నీటి గుణం మారితే ఊరి పైపులకు ఏమవుతుంది?

దశాబ్దాలుగా పైపుల గోడలకు పట్టిన పొర పాత నీటి గుణానికి అలవాటుపడి ఉంటుంది. నీటి పీహెచ్, క్షారత, క్లోరైడు మారితే ఆ పొర కరగవచ్చు, ఊడవచ్చు. కుళాయిలో ఎర్రనీళ్ళు కనిపించవచ్చు, సీసపు పైపులు ఉన్న పాత ఊళ్ళలో సీసం విడుదల కావచ్చు. మిషిగన్‌లోని ఫ్లింట్ 2014 ఏప్రిల్‌లో నది నీటికి మారినప్పుడు అక్కడి కేంద్రంలో సున్నంతో మెత్తబరచడం జరుగుతూనే ఉంది. అయినా క్షయ నిరోధక ఫాస్ఫేటు వేయకపోవడం వల్ల, ఎక్కువ క్లోరైడు గల నీటిలో సీసం బయటపడింది. కఠినత్వం ఒక్క అంకె చూసి నీరు సురక్షితమనుకోకూడదని దాని వల్ల తెలుస్తుంది. మార్పు వారాల మీదుగా మెల్లగా చేయాలి, ఆ కాలంలో ఇళ్ళ కుళాయిల దగ్గర నమూనాలు తీయాలి, పైపు చివర్లను కడగాలి.

ప్రశ్న: మెత్తని నీరు తాగితే ఆరోగ్యానికి లోటా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ కఠినత్వానికి ఆరోగ్య పరిమితి ఏదీ పెట్టలేదు. నీటితో వచ్చే కాల్షియం కొంత తగ్గుతుంది, ఆహారంలో తగినంత ఉన్నవారికి అది పెద్ద విషయం కాదు. రెసిన్ పద్ధతిలో చేరే సోడియం మాత్రం ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవారికి తెలియాలి. రుచి పరంగా సోడియం సుమారు 200 మిల్లీగ్రాములు దాటితే నాలుకకు తెలుస్తుంది.

ప్రశ్న: నగరం మెత్తని నీరు ఇస్తున్నప్పుడు ఇంట్లో సాఫ్టెనర్ (ఉప్పుతో నడిచే, నీటిని మెత్తబరిచే చిన్న రెసిన్ యంత్రం) ఉంచుకోవాలా?

చాలావరకు అక్కరలేదు, ఉంచుకుంటే కనీసం దాని మీద కఠినత్వపు సెట్టింగును తగ్గించాలి, లేకపోతే అవసరం లేకపోయినా ఉప్పు తింటూనే ఉంటుంది. మిన్నెసోటాలో ఇళ్ళ సాఫ్టెనర్ల ఉప్పు మురుగునీటి కేంద్రాల గుండా చెరువులకు చేరి క్లోరైడు సమస్యగా మారింది. మామూలు మురుగునీటి శుద్ధి క్లోరైడును తీయలేదు. నగరమే ఒకచోట సున్నంతో మెత్తబరిస్తే ఇంటింటి ఉప్పు ఆగుతుందన్నది అక్కడ బలంగా వినిపించే వాదన. అమెరికాలోని తెలుగువారు ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని వదిలివెళ్ళిన సాఫ్టెనర్‌ను అలాగే నడుపుతూ ఉంటారు. నగర నీటి శాఖ ఏటా ఇచ్చే నాణ్యత నివేదికలో కఠినత్వం అంకె చూశాక నిర్ణయించుకోవడం మంచిది.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలకు ఇలాంటి కేంద్రాలు అవసరమా?

భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటి కఠినత్వం 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, వేరే వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. కృష్ణా, గోదావరి నీటితో బతికే పట్టణాలకు పటిక, వడపోత, క్లోరిన్ చాలు, మెత్తబరచే కేంద్రం కట్టడం వృథా ఖర్చు. ఇబ్బంది బోరు నీటితోనే. అటువంటి చోట కూడా నదీజలాన్ని బోరు నీటితో కలిపి కఠినత్వాన్ని దించడం అన్నిటికంటే చవక. నది నీరు రాని చోట, రోజూ వీధి చివర వాటర్ ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాను తెచ్చుకునే బదులు, పట్టణానికంతటికీ పాక్షికంగా మెత్తబరచడం పరిశీలించదగినదే. ఆ చిన్న ఆర్వో ప్లాంట్లు కాలువలో వదిలే నీటిని ఊరంతటికీ కూడితే ఎంతో ఎవరూ లెక్క వేయడం లేదు. సున్నానికి మనకు కొదవ లేదు, పల్నాడులోని పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకే పేరుపొందింది. అయితే ఇళ్ళు కట్టే సున్నం వేరు, నీటికి వేసే సున్నం వేరు. స్వచ్ఛత, కరగని ఇసుక, భారలోహాలు పరీక్షించాకే కొనాలి.

ప్రశ్న: నల్లగొండ పద్ధతిలోనూ సున్నం వేస్తారు కదా, దానితో కఠినత్వం పోతుందా?

పోదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఆ పద్ధతి ఫ్లోరైడును తీయడానికి ఉద్దేశించినది. అందులో పటిక ఎక్కువ, సున్నం కొద్దిగా వేస్తారు, ఆ సున్నం పని పటిక వల్ల పడిపోయే క్షారతను నిలబెట్టడం.

ప్రశ్న: కొత్త యంత్రాలను కాంట్రాక్టరు నుంచి స్వీకరించే ముందు ఏ పరీక్షలు చేయాలి?

ప్రారంభోత్సవం నాటి నీటి గ్లాసు పరీక్ష కాదు. పూర్తి సామర్థ్యంతో కొన్ని వారాలు నడిపించి, ప్రతి షిఫ్టులో కఠినత్వాన్ని టైట్రేషన్‌తో కొలిచి, ఆన్‌లైన్ మీటరు అంకెతో పోల్చాలి. పీహెచ్ ఎలక్ట్రోడు మీద పెచ్చు కట్టే వేగం కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఎలక్ట్రోడు పూడిపోతే ఎంత ఖరీదైన స్వయంచాలక నియంత్రణైనా గుడ్డిదే. తొలగించిన ప్రతి కిలో కఠినత్వానికి ఎంత సున్నం పట్టిందో తూకం వేసి, ఒప్పందంలో రాసిన అంకెతో సరిచూడాలి. వర్షాకాలపు బురదనీటితో ఒకసారి, వేసవి నీటితో ఒకసారి నడిపి చూశాకే చివరి బిల్లు చెల్లించాలి. ఒక స్లేకర్‌ను కావాలని ఆపి, రెండోది ఎంత సేపట్లో భారం అందుకుంటుందో రాత్రి షిఫ్టు సిబ్బందితోనే చేయించి చూడాలి.